తొట్టిలో మట్టి

వదిన నడిపే బడి మీద బట్టలు కుట్టే మిషనక్కకు మొదటినుంచీ ఒకటే ఫిర్యాదు. అక్కడ ఏదీ మిగలదు.

ఇస్త్రీ షాపు పైన ఒక పెద్ద గది. మధ్యలో పొడుగాటి బల్లలు, మూలన సిమెంటు తొట్టి, అందులో తడిగుడ్డ కప్పిన మట్టి. సాయంత్రం ఆరింటికి పనులు ముగించుకుని పెద్దవాళ్ళు వస్తారు. బస్సు డ్రైవరు, ఆసుపత్రి నర్సు, బ్యాంకు గుమాస్తా, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకా కొందరు. ముందు అరగంట మట్టిముద్ద చేతిలో పట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటారు. తర్వాత గిన్నో, బొమ్మో, చేతికి తోచింది చేస్తారు. ఆరు వారాలకు ఒక విడత. విడత ఆఖరి రోజున ఎవరు చేసినవి వాళ్ళు తెచ్చి, నోరు విప్పకుండా తొట్టిలో వేసి, నీళ్ళు పోసి పిసికేస్తారు. దాన్ని వాళ్ళు అప్పగింత అంటారు.

“అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు వదినా. మీరు దానికోసం ఏకంగా బడే పెట్టారు,” అనేది మిషనక్క.

“చేతికి వచ్చింది చేతిలోనే ఉంటుంది మరదలా. మట్టి తొట్టిలో ఉంటే చాలు,” అనేది వదిన. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మట్టిలో చెయ్యి పెడితే అసలు మాట్లాడదు.

బడికి ఫీజు లేదు. తలుపు పక్కన మూతి సన్నని కూజా ఒకటి ఉంటుంది, తోచింది అందులో వేసి వెళ్ళొచ్చు. ఎవరెంత వేశారో ఇంకొకరి కంట పడకూడదని కూజాకు తెర. ఆ తెర కుట్టింది మిషనక్కే. ఒకసారి కూజా బోర్లిస్తే రెండు చొక్కా గుండీలు కూడా రాలాయి. దాత ఎవరో ఆమె ఆరా తీయలేదు గానీ, ఆ గుండీలు మాత్రం మర్నాడే ఎవరిదో చొక్కాకు ఎక్కాయి.

ఇన్ని వెక్కిరింతలు చేసే మనిషి ఆ గది కోసం కాళ్ళరిగేలా తిరగడానికి కారణం ఆమె మొగుడు. పేరున్న వడ్రంగి మేస్త్రీ. పోయినేడాది పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఉలులూ చిత్రికా అమ్మేయమని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె అమ్మలేదు, కుట్టుమిషను కింద గోనెసంచిలో దాచింది. రోజూ పడుకునే ముందు అలవాటు కొద్దీ “రేపేం వండమంటారు?” అని అడిగేది. “రేపటి సంగతి నాకెందుకు,” అనేవాడు గోడతో. ఆమె దీపం ఆర్పి, మర్నాడు తనకు తోచిందే వండేది.

చివరికి వదిన వచ్చింది. “తమ్ముడూ, ఇక్కడ పడుకునే బదులు నా గదిలో వచ్చి కూర్చో,” అని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. కొన్ని విడతలు ఊరికే కూర్చున్నాడు. ఈ విడతలో ఆ పడిపోయిన చెయ్యి ఒక గిన్నె చేసింది. ఒక పక్కకు ఒరిగిన గిన్నె, అంచు పొడుగునా బొటనవేలి గుంటలు. అది చూసి ఇంటికొచ్చిన మిషనక్క కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది. ఇంట్లో రేపటి గురించి జవాబు మాత్రం మారలేదు.

అలాంటి సమయంలో ఇంటాయన అద్దె పెంచాడు. నెలాఖరుకి పెంచిన అద్దె కట్టడమో, గది ఖాళీ చెయ్యడమో తేల్చుకోమన్నాడు. కూజాలో పడేది పాత అద్దెకే ముక్కీ మూలిగీ సరిపోయేది. గది పోతే మేస్త్రీ మళ్ళీ గోడకేసి తిరుగుతాడని మిషనక్క భయం.

వదిన దగ్గర అద్దె సంగతి మాట్లాడటం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అందుకని మిషనక్కే పూనుకుంది. విడతలో చేసినవన్నీ చెక్క అరల మీద పెట్టించి, ఈసారికి అప్పగింత వద్దని అందరికీ చెప్పి, ఊళ్ళో నలుగురు కలిగినవాళ్ళను చూడటానికి పిలిచింది. వాళ్ళలో ముఖ్యుడు ఇనప సామాన్ల షావుకారు.

“చందా ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదమ్మా. కానీ గోడకు కొట్టిన సున్నం కాకూడదు. ఏం చేస్తున్నారో కంటికి చూపించండి,” అన్నాడాయన.

“రండి బాబుగారూ, చూద్దురుగాని,” అంది మిషనక్క. ఒరిగిన గిన్నెను నడిమి అర మధ్యలో పెట్టింది.

వాళ్ళు వచ్చే రోజున అరలు తుడుద్దామని మధ్యాహ్నమే మెట్లెక్కింది. అరలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. తొట్టి మాత్రం నిండుగా ఉంది.

ముందు రోజు ఆ విడతకు ఆఖరి రోజు. మిషనక్క ఎవరివో కర్టెన్లు కుట్టే తొందరలో ఇంట్లోనే ఉండిపోయింది. ఇక్కడ అలవాటు ప్రకారం అందరూ లేచి, ఎవరివి వాళ్ళు తీసుకుని, అప్పగింత చేసేశారు.

“ఒక్కరికైనా గుర్తు రాలేదా?” అని అడిగింది, సర్దడానికి సాయంగా అప్పుడే వచ్చిన నర్సును.

“నాకు గుర్తొచ్చింది అక్కా. కానీ అప్పటికి మౌనంలో ఉన్నాం కదా.”

“నాకూ గుర్తొచ్చింది,” అన్నాడు వెనకే వచ్చిన డ్రైవరు. “టీచరమ్మే ముందు వేసేసరికి, మనసు మార్చుకున్నారేమో అనుకున్నాను.”

“నేను మర్చిపోయాను మరదలా,” అంది వదిన తలుపు దగ్గర నిలబడి. ఆవిడ ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

మిషనక్క, వదిన వెంట వచ్చిన మొగుడి వైపు తిరిగింది. “మీరు కూడానా?”

మేస్త్రీ తలూపాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కుట్టినదాన్ని విప్పడమంటేనే ప్రాణం పోయే దర్జీ ఆమె. “ఏడాదికి ఒక్క గిన్నె చేశారు. దాన్నీ నా కంటికి దక్కనివ్వలేదు,” అంది. ఆమె మెట్ల మీద కూర్చుని, సాయంత్రం ఏ ముఖం పెట్టుకుని చెప్పాలా అని ఆలోచించింది. అబద్ధం ఒకటీ అతకలేదు.

షావుకారు తెల్ల చొక్కాలో వచ్చాడు. పళ్ళ డాక్టరమ్మ, మరో ఇద్దరు ఆయన వెంట ఉన్నారు. ఆయన అరలు చూశాడు, అరల వెనక గోడ చూశాడు.

“ఏవమ్మా?”

“నిన్నటిదాకా ఉన్నాయండి.”

“ఎవరైనా ఎత్తుకెళ్ళారా?”

“లేదండి. చేసినవాళ్ళే చెరిపేశారు. ఇక్కడ పద్ధతే అంత,” అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. షావుకారుకు ఆపుకోవాల్సినంత నవ్వేమీ రాలేదు. ఆయన చెప్పుల కోసం చూస్తుండగా, మేస్త్రీ ఎడమచేత్తో తీగ పట్టుకుని తొట్టిలో మట్టి కోశాడు. ముద్దను రెండు చేతుల మధ్య నొక్కి పట్టి, కాలీడ్చుకుంటూ వచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాడు. అంత దూరం మోసుకొచ్చినవాడికి వద్దని చెప్పలేక షావుకారు చొక్కా చేతులు మడిచాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. అరగంట ఎవరూ మాట్లాడలేదు. కింద ఇస్త్రీ పెట్టె బల్లకు తగిలే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

తర్వాత చూస్తే షావుకారు ముందు మట్టితో చేసిన తలుపు గడియ ఉంది. కొంచెం వంకరగా ఉన్నా గడియే.

“ముప్పై ఏళ్ళుగా ఇవే అమ్ముతున్నాను,” అన్నాడాయన, దాన్ని అటూ ఇటూ తిప్పి. “చెయ్యడం ఇదే మొదలు. దీన్ని నేను పట్టుకుపోతానమ్మా. ఏడాది అద్దె ఇచ్చేస్తాను, సరేనా?”

మిషనక్క నోరు తెరిచింది. సరేనండి అనబోయింది. ఒక గడియ ముక్కకు ఏడాది అద్దె, ఇందులో ఆలోచించేదేముంది. ఈలోగా మేస్త్రీ కుడిచెయ్యి బల్ల మీదుగా ముందుకు వచ్చింది.

“తొట్టిలో వెయ్యండి,” అన్నాడు. మాట ముద్దగానే ఉంది, కానీ అందరికీ అర్థమైంది. “రేపు మళ్ళీ కావాలి.”

అద్దె పోయిందని మిషనక్కకు తెలుసు. అయినా ఆమె చెవిలో మోగుతున్నది అద్దె కాదు. ఏడాదిగా ఆ నోట రాని ‘రేపు కావాలి’ అన్న మాట.

షావుకారు ఆయన చెయ్యి చూశాడు, గడియ చూశాడు. లేచి వెళ్ళి దాన్ని తొట్టిలో వేసి, అంటీ అంటనట్టు ఒకసారి పిసికాడు. చేతులు కడుక్కుని కూజా తెర వెనక్కి వెళ్ళాడు. బయటికొచ్చి, “ఇంటాయన నా దగ్గరే సామాను కొంటాడు, నేను మాట్లాడతాను,” అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, “రేపు ఎన్నింటికి?” అని అడిగాడు.

“ఆరింటికి,” అన్నాడు మేస్త్రీ.

ఇంటికి వెళ్తూ మెట్లు దిగుతున్నప్పుడు మిషనక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. అడగాలంటే భయమేసింది, అయినా అడిగింది. “రేపేం వండమంటారు?”

ఆయన రెండు మెట్లు దిగేదాకా ఆలోచించాడు.

“ఏదైనా సరే,” అన్నాడు. “ఆరింటికి ముందు తెమిలేటట్టు చూడు.”