పద్నాలుగో నంబరు ఇల్లు

చెప్పులు విడిచి ఎక్కమంటే ఆ పిల్ల బెదిరిపోయింది. బరువు చూసే యంత్రమంటే అంత భయమెందుకో తూకాలమ్మకు తెలుసు. బరువు అయ్యాక అడ్రసు అడుగుతారు. గర్భిణులకు పరీక్షలు, మందులు, కాన్పు అన్నీ ఉచితంగా చేసే ఆసుపత్రి అది. కాకపోతే ఈ పేటలో ఇల్లున్నవాళ్ళకే కార్డు. కార్డు లేనిదే డాక్టరమ్మ గది గుమ్మం దాటనివ్వరు.

తూకాలమ్మ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. ఇరవై ఆరేళ్ళుగా గర్భిణుల బరువు చూసి, గట్టిగా చదివి, చీటీ మీద వేయడమే ఆమె పని. బక్కపలచని మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు. "ఒక్క కిలోనే పెరిగావేం? నీ వంతు కూడా మీ ఆయనే తింటున్నాడా?" అంటుంది. వాళ్ళు నవ్వితే ముల్లు ఊగుతుంది. అది కుదురుకునేదాకా ఓపిగ్గా ఆగుతుంది.

ఈ పిల్ల నవ్వలేదు. ఏడో నెల. పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయింది. మొగుడు గచ్చులు వేసే పనివాడు. కడుతున్న భవనంలోనే కాపురం, అది పూర్తయితే ఇంకో భవనం. మొదటి కాన్పు సిమెంటు బస్తాల మధ్యే అయిందట, బిడ్డ దక్కలేదట. ఈసారైనా ఆసుపత్రిలో కనాలని మూడు చోట్లకు వెళ్తే, ఒకచోట మోయలేనంత డబ్బు అడిగారు, రెండు చోట్ల ఇల్లెక్కడని అడిగారు.

తూకాలమ్మ వంగి చెవిలో చెప్పింది. "వెనక సందు, పద్నాలుగో నంబరు అను. ఎవరిల్లంటే అత్త ఇల్లను. తడుముకోకు తల్లీ."

పద్నాలుగో నంబరు తూకాలమ్మ ఉండే ఒంటి గది. ఆమె ఒక్కత్తే ఉంటుంది. కడుపున ఒక్క కాయ కాస్తే, అదీ ఈ ఆసుపత్రి గేటు బయటే రాలిపోయింది, కాగితాలు లేవని పొద్దుటినుంచీ నిలబెట్టిన రోజున. తర్వాత అదే గేటు లోపల ఉద్యోగం దొరికితే, పాత సంగతి మరిచిపోయిందనుకున్నారు అందరూ. మరవడానికి అదేమైనా గొడుగా? గుమ్మం లేని ఆడవాళ్ళకు తన గుమ్మం అరువిస్తూ వచ్చింది. పరీక్షల తేదీలు గుర్తుచేసే కార్డులన్నీ ఆ గదికే వచ్చేవి. అవి వేసి వెళ్ళడానికి తలుపుకు పాలపొడి డబ్బా ఒకటి కొట్టి, నంబరు వేసి పెట్టింది. సాయంత్రాలు ఆ కార్డులు సంచిలో వేసుకుని, ఎవరు ఏ భవనంలో ఉంటే అక్కడికి కుంటుకుంటూ వెళ్ళి ఇచ్చొచ్చేది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని తోటి ఆయాలు దెప్పేవారు.

పాత గుమాస్తా చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. కొత్తగా వచ్చినతను రాసింది చదివే రకం. ఆ రోజు పిల్లను బల్లమీద కూర్చోబెట్టి తూకాలమ్మను పిలిచాడు.

"పద్నాలుగో నంబరులో ఈమెతో నలభై ఒక్కమంది గర్భిణులమ్మా. అది ఇల్లా, సత్రమా?"

"ఉమ్మడి కుటుంబం బాబూ."

అతను నవ్వలేదు. సాయంత్రం వచ్చి చూస్తానన్నాడు. ఈ అమ్మాయి అక్కడ లేకపోతే నలభై ఒక్క కార్డులూ రద్దవుతాయనీ, తూకాలమ్మ ఉద్యోగం సంగతి పైవాళ్ళు చూసుకుంటారనీ మెల్లగానే చెప్పాడు. తూకాలమ్మ మనసులో లెక్క వేసుకుంది. ఉద్యోగం పోతే పోనీ, ఆ నలభై మందిలో ఆరుగురికి ఈ నెలలోనే కాన్పులు.

మధ్యాహ్నం ఒక గంట ముందే సెలవడిగి, పిల్లనూ ఆమె బట్టల మూటనూ గదికి తీసుకొచ్చింది. ఉన్న ఒక్క మంచం మీద పడుకోబెట్టి, కాళ్ళకింద దుప్పటి మడత పెట్టింది. నాటకం అబద్ధంలా ఉండకూడదని రెండో కంచం కూడా కడిగి బోర్లించింది. పిల్ల మాత్రం ఏ నాటకం లేకుండా నిద్రపోయింది. వీపుకింద మంచం ఆన్చి ఎన్నాళ్ళయిందో పాపం.

గుమాస్తా చెప్పినట్టే వచ్చాడు. గడపలో నిలబడి చూశాడు. నాలుగడుగులు వేస్తే అయిపోయే గది.

"మిగతావాళ్ళేరీ?"

"పనికెళ్ళారు బాబూ" అంది తూకాలమ్మ. అందులో అబద్ధం లేదు.

అతను పిల్ల పాదాల వైపు చాలాసేపు చూశాడు. మంచినీళ్ళడిగి తాగాడు. జేబులోంచి కలం తీసి, ఒకే మాట రాసి, ఆ కాగితం ఆమెకు కనపడేలా తిప్పాడు. 'ఉంటున్నారు' అని ఉంది.

పిల్ల నిజంగానే ఉండిపోయింది. వాపు తగ్గేదాకా లేవొద్దన్నారు డాక్టరమ్మ. మంచం ఆమెకిచ్చేసి తూకాలమ్మ కింద చాప మీద పడుకునేది. పిల్లకు తొమ్మిదో నెలలో, ఒక పొద్దున తూకాలమ్మ ఆ చాప మీంచి లేవలేదు. ఆసుపత్రికి సెలవివ్వలేదు గానీ, కొత్త గుమాస్తాతో సహా అందరూ వచ్చి వెళ్ళారు.

పదహారు రోజులకు పిల్ల ఆసుపత్రిలోనే ఆడబిడ్డను కంది. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. ఆ అంకె గట్టిగా చెప్పేవాళ్ళు లేకపోతే గుమాస్తానే లేచి వచ్చి వరండా అంతా వినపడేలా చెప్పాడు.

ఆ వారంలోనే ఇటుకలు మోసే మనిషి ఒకామె ఐదో నెలతో వచ్చింది. అడ్రసు దగ్గర నోరు పెగల్లేదు. గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు. "అత్త ఇంట్లో ఉంటున్నావా?"

ఆమె అర్థంకాక తల ఊపింది. అతను పద్నాలుగు వేశాడు.

వెనక సందులో తలుపుకు కొట్టిన పాలపొడి డబ్బా మీద ఆ అంకె సగం చెరిగిపోయింది. లోపల పంచవలసిన కార్డులు నాలుగున్నాయి.