జీవన్ చెప్పులు ఇంకా తిరుగుతున్నయ్

సాయంత్రం నాచారం కంపెనీల సైరన్ మోగిందంటే చిలకానగర్ గల్లీల పనులన్నీ ఒక్కసారే మొదలైతయ్. నల్లా కాడ బిందెల లొల్లి, స్టవ్వు మీద చాయ్, ఇంటింటికి టీవీల ఏడుపు. గదే యాళకు కౌసల్యమ్మ గడప ముంగట ఉన్న జీవన్ చెప్పులు జర కదిలి, మెల్లగ గల్లీలకు దిగుతయ్. ముందుగాల ఎడమది, ఎనక కుడిది. బతికున్నప్పుడు కూడ జీవన్ ఎడమ కాలే ముందు పెట్టేటోడు. తల్లి ఎన్ని తిట్లు తిట్టినా మారలే. చచ్చినంక మాత్రం ఏం మారుతడు!

చెప్పులు నడుసుడు ఆ గల్లీకి వింతేం కాదు. ఎవరు పోయినా దినాల దాంక వాళ్ల చెప్పులు తిరుగుతయ్. రాజయ్య పోయినప్పుడు ఆయన చెప్పులు రోజూ కల్లు కాంపౌండుకు పోయి బల్ల కింద కూసునేటియి. పద్మావతి పెద్దమ్మ చెప్పులు రేషన్ దుకాణం లైన్ల నిలబడితే, బతికున్నప్పుడు ఆమెతోని కొట్లాడినోళ్లు గూడ నిమ్మళంగ ఎనక నిలబడ్డరు. పెద్దకర్మ అయినంక చెప్పులు ఆగిపోతయ్. అప్పుడు కడిగి, ఎవరి కాలికి సరిపోతే వాళ్లకిస్తరు.

జీవన్ చెప్పులు మాత్రం ఆగలే. పెద్దకర్మ అయింది, నెల మాసికమైంది, ఉప్పల్ రోడ్డు మీద మెట్రో కోసం తవ్విన గుంతలల్ల వాన నీళ్లు నిండి ఎండినయ్. తెలంగాణ బందు నాడు బస్సులు, ఆటోలు ఏవీ లేకున్నా చెప్పులు పోనే పోయినయ్. ఉప్పల్ బస్టాపు దాంక నడిచి, జరసేపు నిలబడి, ఆడికెళ్లి బోడుప్పల్ దిక్కు ఉరుకుతయ్. ఒక్కోనాడు పీర్జాదిగూడ దాంక పోయి, అన్నాలు తినే యాళకు ఇంటికొస్తయ్. వచ్చి గడప కాడ జంటగ, బుద్ధిగ నిలబడతయ్. గది చూసి కౌసల్యమ్మకు ఇంకా ఏడుపొచ్చేది. జీవన్ ఏనాడు చెప్పులు బుద్ధిగ ఇడిచిండు కనుక! ఒకటి గోడకు, ఒకటి బోర్లా పడేటట్టు ఇసిరేటోడు. ఇప్పుడేమో చుట్టపోడు వచ్చినట్టు వస్తుండు.

"చచ్చిన జాగ ఇడుస్తలేడు," అన్నరు గల్లీ వాళ్లు. జీవన్ పోయింది ఆ బస్టాపు కాడనే. వానల రోడ్డు దాటుతుంటే లారీ గుద్దింది. ఆ రోజు కంపెనీ నుంచి సీదా అటే పోయిండు, బూట్లతోని. చెప్పులు ఇంటికాడనే ఉండిపోయినయ్.

పక్కింటి సక్కుబాయి ఊకోక ఇంకో భయం పెట్టింది. "మా మరిది చెప్పులు గూడ గిట్లనే తిరిగి తిరిగి అరిగిపోయినయ్ వదినా. అడుగులు పోయి వార్లే మిగిలితే, అవే ఈడ్సుకుంట మౌలాలి గుట్ట దాంక పోయినయ్. ఇయ్యాల్టికి ఆయన పేరు మీద పెట్టిన బువ్వ పిట్ట ముట్టదు. ఇటు కాడు, అటు కాడు. చెప్పులు అరగకముందే వాడు దేనికోసం తిరుగుతుండో అరుసుకోండ్రి."

కౌసల్యమ్మ అరుసుకోని దేవుడు లేడు. మటన్ వండి పెట్టింది, కొత్త అంగీ పెట్టింది, మౌలాలి గుట్టెక్కి దర్గాల చక్కెర సదివిచ్చింది. జీవన్ నాయిన మొగిలయ్య మాట్లాడుడు ముందే తక్కువ, కొడుకు పోయినంక ఉన్న నాలుగు మాటలు గూడ బంద్ వెట్టిండు. ఆయితారం నాడు చెప్పులు సంకల పెట్టుకపోయి టైరు ముక్కలు కుట్టిచ్చుకొచ్చిండు. కొడుకు ఇంకొన్ని దినాలు నడవాలె గద. రోజు సాయంత్రం వాటి ఎనక ఆయనే పోయేటోడు. ఎనకనే. పోయినోళ్ల చెప్పులకు ఎదురు పోవద్దు, ముంగట నిలబడితే వాళ్ల తొవ్వ తెగుతదని గల్లీల పసిపోరలకు గూడ ఎరుకే.

వాటి ఎనక ఒక్కనాడు గూడ పోనిది పూర్ణిమ ఒక్కతే. జీవన్ చెల్లె. దిల్‌సుఖ్‌నగర్‌ల ఇంటర్ రెండో ఏడు చదువుతుండె. అన్న పోయినకాంచి కాలేజీ మానేసింది. కంపెనీ సూపర్‌వైజర్ జనార్ధనరావు ఇంటికొచ్చి, "అన్న జాగల చెల్లెను తీస్కుంటం, సోమవారం నుంచి ప్యాకింగ్‌ల చేరుమను," అంటే తల్లి కన్న ముందు తనే సరేనన్నది. కౌసల్యమ్మ, బిడ్డకు ఇంటి మీద ఎంత ఫికరో అని మురిసింది. మొగిలయ్య లేచి బయటికి పోయిండు.

అసలు ముచ్చట పూర్ణిమ కడుపులనే ఉన్నది. ఉప్పల్ స్టాపు కాడ ఆకతాయి పోరగాళ్ల లొల్లి, పైనుంచి గుంతలు. అందుకని రోజూ అన్న స్టాపుకొచ్చి తోల్కపోయేటోడు. ఆ రోజు కాలేజీ ఇడిసినంక దోస్తులతోని కమ్మలు కొనుక్కుంటాన్కి పోయింది. అన్నకు చెప్పలే. ఆలస్యమైన బస్సు దిగేసరికి స్టాపుల అన్న లేడు, రోడ్డు మీద జనం గుమిగూడి ఉన్నరు. ఎవరికో ఏదో అయిందనుకొని, వానల తల మీద పుస్తకం పెట్టుకొని, వాళ్ల పక్కకెళ్లే నడిచి ఇంటికొచ్చింది. అన్న రాలేదని కోపం గూడ చేసింది. ఆ కమ్మలు ఇంకా బ్యాగులనే ఉన్నయ్. అన్న చెప్పులు తనను పట్టి అడుగుతందుకే తిరుగుతున్నయని ఆమె భయం.

శుక్రవారం నాడు మొగిలయ్యకు జరమొచ్చింది. సైరన్ మోగంగనే చెప్పులు కదిలినయ్. టైరు ముక్క ఒక దిక్కు ఊడి టపటప కొట్టుకుంటుంది.

"నువ్వు పోవే ఇయ్యాల," అన్నది కౌసల్యమ్మ. "ఆడ బజ్జీల బండి పిల్ల ఉంటదట, మానస. దాని కాడ ఆగుతయట. దాని కోసమే తిరుగుతుండేమో అడుగు. ఏం అననని చెప్పు. పిల్ల మంచిదైతే నేనేమన్న వద్దంటుంటినా?"

పూర్ణిమ జర ఎడం ఇడిచి ఎనక నడిచింది. చెప్పులు ఆగకుంట పోతున్నయ్. ఎదురొచ్చిన ఆటోవాలా బ్రేకేసి, "నువ్వు పో అన్నా," అని చెప్పులకు దారిచ్చిండు. ఉప్పల్ రింగురోడ్డు స్టాపు కాడ, మెట్రో గుంతలకు అడ్డం పెట్టిన రేకుల పక్కపొంటి, బజ్జీల బండి ముంగట నిలబడ్డయ్.

"నువ్వు పూర్ణిమవే గద!" అన్నది మానస, జల్లిగంటె పక్కకు పెట్టి. "మొఖం సూస్తెనే తెలుస్తుంది."

"అక్కా, మా అన్న నీ కోసమే వచ్చేటోడా?"

మానస నవ్వబోయి కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "నా కోసం ఎవరొస్తరు పిల్లా! రెండు మిర్చిలు తినేటోడు, కండ్లు మాత్రం రోడ్డు మీదనే. 'మా చెల్లె బస్సు ఇంకా రాలే' అనుడు తప్ప నాతోని ఇంకో మాట మాట్లాడితే ఒట్టు. బస్సు నిండుగుండి ఆగకపోతే, అవతలి స్టాపుల దిగుతవని బోడుప్పల్ దాంక ఉరికేటోడు. ఆగు, అగో, అదే బస్సు. చెప్పుల దిక్కు సూడు."

దిల్‌సుఖ్‌నగర్ బస్సొచ్చింది. అప్పటిదాంక మెదలకుంట ఉన్న చెప్పులు గబగబ డోరు కాడికి పోయినయ్. ఒక్కొక్కలు దిగుతుంటే ఒక్కో అడుగు ఎనకకు జరుగుతున్నయ్. కాలేజీ పిల్లలు దిగిన్రు, ఒక ముసలామె దిగింది. బస్సు పోయింది. చెప్పులు జరసేపు ఆ పొగలనే నిలబడి, బోడుప్పల్ దిక్కు తిరిగి ఉరుకుడు పెట్టినయ్.

అన్న కొట్లాటకు తిరుగుతలేడు. తోల్కపోతందుకు తిరుగుతుండు. 'నేనీడనే ఉన్న గద అన్నా' అని ఒర్రబోయింది పూర్ణిమ. ఒర్రినా ఏం ఫాయిదా! ఇన్ని దినాలు అందరు ఎనకెనకనే నడిచిన్రు. మడిమెలకు కండ్లుంటయా?

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది, "రేపు కాలేజీకి పోతనే."

"సోమారం డ్యూటీల చేరుతా అని రేపు కాలేజేందే?"

"బస్సు దిగాలె. ఆడ అన్న సూస్తుండు."

తర్వాత కమ్మల సంగతి చెప్పింది. జనం పక్కకెళ్లి నడిచొచ్చిన సంగతి గూడ చెప్పింది. కౌసల్యమ్మ చెయ్యి లేపింది, కొట్టలే. ఆ చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకున్నది. ఒకటే మాట అన్నది, "ఎదురు పోతవా? వాని తొవ్వ తెగుతదే."

గొంగడి కప్పుకొని పండుకున్న మొగిలయ్య లేచి కూసున్నడు. "వాని తొవ్వే గది. దీన్ని ఇంటికి తోల్కొచ్చుడే వాని తొవ్వ. పోనియ్."

శనివారం కాలేజీల సార్లు ఏం చెప్పిన్రో పూర్ణిమకు ఒక్క ముక్క ఎక్కలే. సాయంత్రం బస్సెక్కి నిలబడ్డది. నాగోలు దాటినంక కిటికీలకెళ్లి రోడ్డు దిక్కే సూసింది. టైరు ముక్క మొత్తం ఊడి ఇయ్యాల చెప్పులు రాకపోతే? వచ్చి, తనను సూసి ఎనకకు తిరిగిపోతే? ఉప్పల్ రాంగనే అందరిని నూకుకుంట డోరు కాడికొచ్చి దిగింది.

చెప్పులు ముంగటనే ఉన్నయ్. టైరు ముక్క ఏడనో పడిపోయింది, ఎడమదాని అడుగు కాయితమంత పల్చగైంది. ఎనకున్నోళ్లు, "ఎదురు నిలబడ్డదేంది ఆ పిల్ల!" అని గుసగుసలు పెట్టిన్రు. పూర్ణిమ జరగలే.

"ఆ రోజు కమ్మలు కొనుక్కుంటాన్కి పోయినన్నా," అన్నది. ఏడుపు తన్నుకొచ్చింది. "నీకు చెప్పకుండ పోయిన. నువ్వు ఆడ పడి ఉంటే సూడకుండ పక్కకెళ్లి పోయిన. తప్పయింది అన్నా."

చెప్పులు అటు ఇటు మసిలినయ్, ఎప్పుడన్న ఆలస్యమైతే జీవన్ కస్సుమనేముందు మసిలినట్టే. తర్వాత ఇంటి దిక్కు తిరిగినయ్. రెండడుగులేసి ఆగినయ్, వస్తున్నవా లేదా అన్నట్టు. పూర్ణిమ ముక్కు తుడుసుకొని కలిసింది. బండ్లు పోయే దిక్కు చెప్పులు, ఇవతలి దిక్కు ఆమె. ఎప్పుడూ అట్లనే నడిచేటోళ్లు. తొవ్వంత కాలేజీ ముచ్చట్లు చెప్పుకుంటనే వచ్చింది.

కౌసల్యమ్మ గడపల నిలబడి సూస్తుంది. చెప్పులు మెట్టెక్కినయ్. ఎడమది పోయి గోడకు తాకింది, కుడిది గాలిల లేచి బోర్లా పడ్డది.

"ఎన్నిసార్లు జెప్పాలెరా నీకు! చెప్పు బోర్లా పడితే ఇంట్ల కొట్లాటలైతయని..." అలవాటుగ అరిచిన కౌసల్యమ్మ మాట నడుమనే ఆగిపోయింది. గడప మీద కూలబడి, కొడుకును తీస్కపోయిన నాడు గూడ ఏడ్వనంత ఏడ్చింది. పూర్ణిమ పోయి ఆమె ఒళ్లె తల పెట్టుకున్నది. ఆయితారం సైరన్ మోగినా చెప్పు బోర్లనే ఉన్నది.

సోమవారం పొద్దుగాల కౌసల్యమ్మ టిఫిన్ డబ్బ కట్టి బిడ్డ బ్యాగుల పెట్టింది, కాలేజీ బ్యాగుల. కంపెనీ మాట ఎవ్వరు ఎత్తలే. పూర్ణిమ బయటికొచ్చేసరికి మొగిలయ్య మెట్టు మీద కూసొని, కొడుకు చెప్పులు కడిగి కాళ్లకు తొడుక్కుంటుండు. జర పెద్దగనే ఉన్నయ్.

"సాయంత్రం నీ బస్సు ఎప్పుడొస్తది బిడ్డా?" అని అడిగిండు.