హారన్ లేని ఘాట్‌రోడ్డు

జీపు సాలూరు ఘాట్ సగం ఎక్కేసరికి వేడి చూపించే సూది ఎర్రగీత దాటేసింది. దాటదూ మరి? రేడియేటర్ ఫ్యాను వారం రోజులుగా ఓసారి తిరుగుతోంది, ఓసారి మొరాయిస్తోంది. డ్రైవరు అప్పన్న రేపు చూద్దాంలే, రేపు చూద్దాంలే అనుకుంటూ వచ్చాడు. ఆ రేపు వచ్చి వచ్చి ఇవాళ, వెనక సీట్లో శవం ఉండగా వచ్చింది.

శవం కనకది. పొద్దున్నే ఆసుపత్రిలో పోయింది. కూతురు మాధవి తల్లి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కనక మొగుడు గాసి ముందు సీట్లో ఉన్నాడు. పొద్దున్నుంచీ ఆ ముసలాడి నోట మాట లేదు, కంట చుక్క లేదు.

"పొద్దుగూకే లోపల సేరాల బాబూ," అంది మాధవి. "బయట పోయినోళ్ళని సీకటైతే మా ఊళ్ళోకి రానివ్వరు. తెల్లార్లూ పొలిమేర అవతలే పడుండాల మాయమ్మ."

తప్పు ఇంకెవరిదో అయితే అప్పన్న నాలుగు తిట్టి ఊరుకునేవాడు, ఇది తనదే. బండి ఓరగా ఆపి బానెట్ ఎత్తాడు. ఇంజను కుతకుతలాడుతోంది, ఫ్యాను మాత్రం కదలడం లేదు. ఫ్యూజు పీకి చూస్తే బాగానే ఉంది. బ్యాటరీ నుంచి సన్నటి వైరు లాగి ఫ్యాను మోటారుకి తగిలించాడు. గిర్రున తిరిగింది. మోటారు మంచిదే అన్నమాట. పోనీ ఆ వైరుతోనే కొండెక్కేద్దామా అంటే, నిమిషంలో అది కాలి చేతికి చురక పెట్టింది. ఇంక మిగిలింది రిలే, మోటారుకి కరెంటు వదిలే అగ్గిపెట్టెంత నల్లడబ్బా. పీకి వాసన చూశాడు. మాడిపోయింది.

దానికి సరిపోయే రిలే బండి మొత్తంలో ఇంకొక్కటే ఉంది, హారన్‌ది. అది తెచ్చి ఇక్కడ పెడితే ఫ్యాను తిరుగుతుంది, హారన్ మోగదు. హారన్ లేకుండా ఘాట్ ఎక్కడమంటే కళ్ళకి గంతలు కట్టుకుని నూతి గట్టు మీద నడవడమే. అందులోనూ పైనుంచి లారీలు దిగే వేళ.

అయినా మార్చాడు. ఫ్యాను తిరిగింది. ఇంజను చల్లారేదాకా ఆగి, నీళ్ళు పోసి, వచ్చి కూర్చున్నాడు.

"తాతా, హారన్ లేదు. మలుపొచ్చినప్పుడల్లా తల బయటెట్టి గట్టిగా కేకెయ్యాల నువ్వు."

"ఏటని కేకెయ్యమంటావు బాబూ?" పొద్దున్నుంచీ గాసి అన్న మొదటి మాట అది.

"ఏదో ఒకటి. ఇటు బండొస్తందని అవతలోడికి తెలిస్తే సాలు."

మొదటి మలుపు వచ్చింది. గాసి నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

"బేగి తాతా."

"కనకా!"

కేక కొండకి తగిలి తిరిగొచ్చింది. వెనక మాధవి ఒక్కసారిగా బావురుమంది. "అయ్య అమ్మని పేరెట్టి పిలవడం నాను పుట్టి ఎరగను," అంది కాసేపటికి. "ఓలే అంటాడు, అంతే."

రెండో మలుపు, మూడో మలుపు. అన్నిటికీ ఆ పేరే. దిగుతున్న లారీ ఒకటి ఆ కేక విని ఆగి దారిచ్చింది. ముసలాడి చెంపలు తడిసిపోయాయి. అప్పన్నకీ రోడ్డు మసకేసింది, మోచేత్తో కళ్ళు తుడుచుకుని నడిపాడు.

బారెడు పొద్దుండగానే ఊరు కనపడింది.

"ఇంక మలుపుల్లేవు తాతా, సాలు," అన్నాడు.

గాసి వినలేదు. తిన్నటి రోడ్డు మీద, ఎదురు ఎవరూ రాకపోయినా, పిలుస్తూనే ఉన్నాడు. అప్పన్న రెండోసారి చెప్పలేదు.