దూత ఇవ్వని నూనె

చెంచాతో మూడో గుక్క పాలు పట్టేసరికి ముసలాయన నోరు బిగించేశాడు. ఇక చాలని అర్థం. రంగులాయన తువ్వాలు కొసతో తండ్రి గడ్డం తుడిచి, వీపు కింద దిండు సర్ది, గోడవైపు ఒత్తిగిల్లేలా తిప్పి పడుకోబెట్టాడు. పనికి బయల్దేరే ముందు రోజూ ఇదే వరస. మంచం పట్టి ఏడాది దాటిన మనిషిని ఎక్కడ పట్టుకుంటే నొప్పో అతని చేతులకు బాగా తెలుసు. ఆ ఒక్క విషయంలో తప్ప, ఆ చేతుల మీద తండ్రికి ఎన్నడూ గొప్ప అభిప్రాయం లేదు.

ముసలాయన్ని ఆ వీధిలో బొమ్మలాయన అనేవాళ్ళు. సినిమాహాళ్ళకు హీరోలు, కొట్లకు బోర్డులు, చర్చికి దేవదూతలు, ఏది కావాలంటే అది వేసి పడేసేవాడు. కొడుక్కి ఆ విద్య అబ్బలేదు. చిన్నప్పుడు గుర్రం వెయ్యమంటే కుక్కకీ గేదెకీ మధ్యరకంగా ఏదో వేశాడట. తండ్రి దాన్ని వచ్చినవాళ్ళందరికీ చూపించి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడట. అప్పట్నుంచి కొడుకు బొమ్మల జోలికి పోలేదు. గోడలు, తలుపులు, కిటికీ ఊచలు, ఇవే అతని లోకం. చెప్పిన వేళకు వస్తాడు, ఎవరి గడపలోనూ చుక్క రంగు ఒలకబొయ్యడు, పని అయ్యాక అతను వచ్చి వెళ్ళిన సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు.

"ఇవాళేనా?" అన్నాడు ముసలాయన గోడతో మాట్లాడుతున్నట్టు.

"ఇవాళే నాన్నా."

"ఉప్పుకాగితం పట్టొద్దు."

డబ్బా మూత బిగిస్తున్నవాడల్లా ఆగాడు రంగులాయన.

"నేను వేసింది నూనె రంగురా. రుద్ది గరుకు చెయ్యకపోతే పైన నువ్వేం పూసినా కరుచుకోదు. అసలే ఆ చర్చి గోడకి చెమ్మ. రెండు వానాకాలాలు పోతే పొక్కులొచ్చి రాలిపోతుంది. లోపల బొమ్మ లోపలే ఉంటుంది. అప్పటికి ఈ ఫాదర్‌కి బదిలీ అయిపోతుంది." అంత మాట్లాడేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. "నీకేం పోయిందిరా, ఈ ఒక్క పని కాస్త పాడుగా చెయ్యి. జనం రోజూ చేసేదేగా."

"సరే నాన్నా."

"మాటేనా?"

"మాటే."

గుమ్మం దగ్గర భార్య భోజనం డబ్బా చేతికిస్తూ గొంతు తగ్గించింది. "ఇంకెవరినైనా చూసుకోండని చెప్పలేకపోయావా? మామయ్య వేసిన బొమ్మని నువ్వే..."

"ఇంకొకడైతే ఉలితో చెక్కి పారేస్తాడే. అందుకేగా నేను ఒప్పుకుంది."

ఆమె తలూపింది. ముసలాయన ఈ ఏడాదిలో వేరే ఏదీ కోరలేదని ఇద్దరికీ తెలుసు. డాక్టరు ఇక ఇంట్లోనే ఉంచుకోమని చెప్పిన రోజున కూడా, పోనీలే అన్నాడు తప్ప, నాకిది కావాలని నోరు తెరిచి అడగలేదు.

చర్చిలో కుడిపక్క గోడ మీద, మనిషికి రెట్టింపు ఎత్తున ఉంది ఆ బొమ్మ. దాని కథ ఏ ఆదివారమూ చదవరు. ఎప్పుడో పోయిన ఒక ముసలి ఫాదర్, గ్రంథంలోకి రాకుండా బయటే ఉండిపోయిన పాత రాతల్లోదంటూ బొమ్మలాయనకు చెప్పాడు. ఆదాము ముసలివాడై మంచం పట్టాడట. లోకంలో మొట్టమొదటి జబ్బుమనిషి అతనే. అందుకని పిల్లలందరూ చుట్టూ చేరి, నొప్పంటే ఏమిటి నాన్నా అని అడిగారట. ఆదాము చెప్పలేకపోయాడు. మేం ఒకప్పుడున్న తోటలో కరుణ చెట్టుంది, దాని నూనె ఒక్క బొట్టు తెచ్చి రాస్తే ఇది పోతుంది, వెళ్ళి అడగండి అన్నాడు. హవ్వ, కొడుకు షేతు నడిచి నడిచి ఆ తోట వాకిలి ముందు పడి, తలమీద మట్టి పోసుకుని ఏడ్చారు. కాపలా దూత వచ్చాడు. ఇప్పుడు ఇవ్వడానికి లేదు, ఇంటికి వెళ్ళండి, మీ నాన్న ఇక బతకడు అన్నాడు. వాళ్ళు వట్టి చేతుల్తో తిరిగొచ్చారు. ఆదాము పోయాడు.

షేతుకి ముఖం కావలసి వచ్చినప్పుడు బొమ్మలాయన ఇంట్లో ఉన్న కొడుకునే తెచ్చి నిలబెట్టాడు. పన్నెండేళ్ళ పిల్లాడు, చెయ్యి చాచి, కాళ్ళు లాగేస్తున్నా కదలకుండా నిలబడ్డాడు. కదిలితే తిట్లు. మొత్తం మీద తండ్రి తనకేసి అంతసేపు చూడటం ఆ పిల్లాడికి అదే మొదలు, అదే ఆఖరు. దూతకు మాత్రం ఎవర్నీ నిలబెట్టలేదు. అరచెయ్యి ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకున్నట్టు వేశాడు. ఎందుకలా నాన్నా అంటే, "లేదని చెప్పేవాడు ఎదటివాడి కళ్ళలోకి ఎలా చూస్తాడురా?" అన్నాడు.

జనం ఎప్పుడు సరిగ్గా చూశారు గనక! ఎత్తిన అరచెయ్యి దీవెన అనుకున్నారు. దూత నూనె ఇస్తున్నాడనుకున్నారు. బొమ్మ కింద గిన్నెల్లో నూనె పెట్టి, ప్రార్థన చేసుకుని, ఇంటికి తీసుకెళ్ళి రోగులకు రాయడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. మొన్నామధ్య ఒకావిడ జ్వరమొచ్చిన పిల్లకు ఆ నూనె రాస్తూ కూర్చుని, ఆస్పత్రికి ఆలస్యంగా తీసుకెళ్ళింది. పిల్ల దక్కలేదు. కొత్త ఫాదర్ ఆ పిల్లను పూడ్చి వచ్చిన రోజునే గోడకు తెల్లరంగు వెయ్యాలని నిర్ణయించుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి రంగులాయనకు మాత్రం నోరెలా వస్తుంది?

"మీ నాన్నగారు వేసిందని తెలుసు," అన్నాడు ఫాదర్, పరంజా పక్కన నిలబడి. "నీకు కష్టంగా ఉంటే చెప్పు."

"కష్టమేముందండీ," అన్నాడు రంగులాయన. నోట్లో నాలుక లేనివాడు అంతకంటే ఏమంటాడు!

ఫాదర్ వెళ్ళిపోయాక అతను తలకు గుడ్డ చుట్టుకుని పైకెక్కాడు. బట్టలసోడా కలిపిన నీళ్ళలో ముంచిన గుడ్డతో గోడంతా కడిగాడు. ధూపం మసి, దీపాల జిడ్డు గోధుమరంగు నీళ్ళై కారిపోయి, ఎన్నో ఏళ్ళుగా ఎవరూ చూడని నీలం బయటపడింది. తోట వెనక ఆకాశం అది. అంత నీలం ఆ బొమ్మలో ఉందని అతనే మరిచిపోయాడు. ఏం పరవాలేదు, కొన్నాళ్ళు లోపల పడుకుంటుంది, అంతే అనుకున్నాడు. మనసు తేలికపడింది.

గోడ ఆరాక అలవాటు చొప్పున అరచేత్తో తడిమి చూశాడు. వాకిలి అంచు దగ్గర రంగు దళసరిగా పేరుకుని వేలికి తగిలింది. ఇది ఇలా వదిలేస్తే ప్రైమర్ కింద నుంచి గట్టులా కనిపిస్తుంది, ఫాదర్ అడుగుతాడు. ఈ ఒక్కచోటే అనుకుని జేబులోంచి ఉప్పుకాగితం తీశాడు.

ఆ గట్టు పోయింది. పక్కన ఇంకోటి తగిలింది. అది కూడా పోయింది. ఎడమచెయ్యి ముందు వెళ్ళి తడుముతోంది, కుడిచెయ్యి వెనకే వచ్చి గుండ్రంగా రుద్దుతోంది. ముప్పై ఏళ్ళుగా ఆ రెండు చేతులూ అతన్ని అడక్కుండానే చేసుకుపోతున్న పని. అతని ధ్యాస మరెక్కడో ఉంది. పొద్దున తండ్రి మూడు చెంచాలే తాగాడు. నిన్న అయిదు తాగాడు. వీపు మీద కొత్తగా ఒక పుండు ఎర్రబడుతోంది, సాయంత్రం మందు తీసుకెళ్ళాలి. రాత్రుళ్ళు మూలుగు వినపడకుండా దుప్పటి అంచు కొరుక్కుంటున్నాడు. నొప్పంటే ఎలా ఉంటుంది నాన్నా అని తనెప్పుడూ అడగలేదు. అడిగి ఏం చెయ్యగలడు? ఒక మెట్టు దిగాడు, రుద్దాడు. ఇంకో మెట్టు దిగాడు, రుద్దాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి గోడ మీద పడ్డప్పుడు వెనక్కి జరిగి చూశాడు.

హవ్వ లేదు. వాకిలి లేదు. దూత ఎత్తిన చెయ్యి ఉన్నచోట తెల్లటి గోడ తేలింది. పన్నెండేళ్ళ పిల్లాడి ముఖం ఉన్నచోట కన్నుగానీ ముక్కుగానీ ఏమీ మిగల్లేదు. చెయ్యి పెడితే జారిపోయేంత నునుపుగా ఉంది గోడ. కింద గచ్చంతా నీలం పొడి, అతని కాళ్ళ మీద, చొక్కా మీద నీలం పొడి. ఎవరో వచ్చి ఈ పని చేసి వెళ్ళారేమో అన్నట్టు చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. పరంజా మీద చతికిలబడి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితంలో ఒక్కటంటే ఒక్క పని పాడుగా చెయ్యమన్నాడు తండ్రి. అదీ చేతకాలేదు. అతనికి ఏడుపొచ్చింది. భోజనం డబ్బా మూత తియ్యలేదు.

తర్వాత లేచి ప్రైమర్ కలిపాడు. ఇంకేం చేస్తాడు? ఒక పూత వేశాడు, ఆరాక రెండోది వేశాడు. సాయంత్రం ఫాదర్ వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించబోయి, తడి అని గుర్తొచ్చి ఆగాడు. "అద్దంలా చేశావయ్యా," అన్నాడు. రంగులాయన తలొంచుకుని గచ్చు ఊడ్చి, కొళాయి దగ్గర ముఖం కడుక్కుని, మందులషాపు మీదుగా ఇంటికి నడిచాడు.

ఇంకా దీపాలు పెట్టలేదు. ముసలాయన మెలకువగానే ఉన్నాడు. కళ్ళు కాయలు కాచేలా గుమ్మంకేసే చూస్తున్నాడు.

"పట్టలేదుగా?"

"లేదు నాన్నా," అన్నాడు రంగులాయన. అబద్ధమాడటం కూడా అతనికి సరిగ్గా రాదు. మందుసీసా మూతకేసి చూస్తూ అన్నాడు.

"నా కళ్ళజోడు తే."

కిటికీలోంచి కళ్ళజోడు అద్దాల మీదే పట్టుకుని తీసి తండ్రి చెవులకు తగిలించాడు. ముసలాయన అతని చెయ్యి పట్టుకుని దగ్గరకు వంచుకున్నాడు. కనుబొమ్మల్లోకి చూశాడు. చెవి మడతల్లోకి చూశాడు. కొళాయి నీళ్ళు అందనిచోట నీలం ఇంకా అలాగే ఉంది. రంగు పూస్తే చుక్కలు పడతాయి, రుద్దితేనే పొడి పడుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి? షేతుని వేసిన రోజుల్లో చూసినట్టే, చాలాసేపు, ఎక్కడా తొందరలేకుండా చూశాడు.

"నున్నగా వచ్చిందా?"

"వచ్చింది నాన్నా."

"ఊఁ. నువ్వు చేస్తే ఇంక ఊడదులే."

చెయ్యి వదిలేశాడు. కోపంగా అనలేదు, అదే రంగులాయన తట్టుకోలేకపోయాడు. తిడతాడేమోనని అక్కడే నిలబడ్డాడు. ముసలాయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పుండుకు మందు రాస్తుంటే మూలగలేదు, దుప్పటి కొరకలేదు. భార్య లోపల పాలు వెచ్చబెట్టి గ్లాసు తెచ్చేసరికి వీపు కదలడం ఆగిపోయి ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి, "మామయ్యా" అని ఒకసారి పిలిచి, భర్తకేసి చూసింది. అతను ఇంకా మందు ఉన్న వేలు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

వీధివాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలయ్యాక ఆమె ముసలాయన తల సరిచేసి, కళ్ళజోడు మెల్లిగా తీసి కిటికీలో పెట్టింది. దాని కుడి అద్దం మీద, సరిగ్గా నడిమధ్యన, నీలం రంగు బొటనవేలి ముద్ర ఒకటి ఉంది.