మంచం మీది నింద

కర్నూలు రాజధాని అయిన కొత్త. జిల్లాలో ఓ చిన్న ఆసుపత్రి. అక్కడి ఆడవాళ్ల వార్డులో మనుషులకు పేర్లుండేవి కావు, మంచాలకు నంబర్లుండేవి. నాలుగుకు మత్తు సూది అని డాక్టరు అంటే, నాలుగో మంచం మీద ఎవరుంటే వాళ్లకే పడుతుంది. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గాని, మనుషులు మంచాలు మారతారని ఆయనకు తోచినట్టు లేదు.

బేతంచెర్ల గనిలో బండ పడి కాలు నుజ్జయిన హులిగెమ్మను ఆ పొద్దున నాలుగో మంచం మీద పడుకోబెట్టారు. పోయిన వారం ఆ మంచం మీదే ఒకామె చచ్చిపోయిందని ఎవరో చెవిన వేశారు. హులిగెమ్మ కాలి నొప్పి మరిచి భయంతో ఏడవసాగింది. పక్కన ఐదో మంచం మీది వరమ్మకు జాలేసింది. ఆమె మగ్గం నేసే గోపన్న భార్య. ఉబ్బసంతో వచ్చి నెమ్మదించి, మర్నాడు ఇంటికి పోవలసిన మనిషి. ఒక్క దినానికి నాకేమైతాదిలే అంటూ మంచం మార్చుకుంది. గోపన్న వద్దని గొణిగాడు గాని ఆమె వినలేదు.

మధ్యాహ్నం నర్సు సువార్తమ్మ మత్తు సూది తెచ్చింది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. వరమ్మ ముఖం మీద కొంగు కప్పుకుని కునుకు తీస్తోంది. చెయ్యి చాపమంటే ఎందుకని అడగకుండానే చాపింది. సూది వేస్తే మంచికేనని జనం నమ్మే రోజులవి. సువార్తమ్మ వెనుదిరిగిందో లేదో, తన సూది ఎప్పుడేస్తారని పక్క మంచం నుంచి హులిగెమ్మ మూలిగింది.

మంచాలు మారాయని సువార్తమ్మకు అప్పుడు తెలిసింది. ఉబ్బసం మనిషికి ఆ మందు ఊపిరి తీస్తుంది. వెంటనే చెబితే డాక్టరు విరుగుడు చూస్తాడు. పరుగున పోతుంటే పెద్ద నర్సు కృపమ్మ వరండాలో ఆపి సంగతంతా విన్నది.

"నీ ముందరుండే పిల్ల ఇట్లనే పోయి నిజం చెప్పింది. డాక్టరు పోలీసోళ్లను పిలిపించినాడు. ఇప్పుడా పిల్ల యాడుండాదో వాళ్లమ్మకే తెలీదు" అంది.

డాక్టరు వచ్చేసరికి వరమ్మ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఏమిచ్చారని అడిగాడు. సువార్తమ్మ నోరు తెరిచింది. కృపమ్మ ఆమెనే చూస్తోంది.

"పొద్దున మాత్ర తప్ప ఏమీ ఇయ్యలేదు సార్" అంది సువార్తమ్మ.

డాక్టరు ఆ మాట నమ్మాడు. ఉబ్బసం తిరగబెట్టిందనుకుని దానికే వైద్యం చేశాడు. దీపాలు పెట్టకముందే వరమ్మ పోయింది.

గోపన్న ఎవరినీ ఏమీ అనలేదు. ఆ పాడు మంచమే తినిందని, తానే పడుకోనిచ్చానని తల కొట్టుకున్నాడు. దాన్ని బయట పారేయమని వార్డంతా అంది. సువార్తమ్మకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కనీసం ఆ మంచమైనా తీయించమని కృపమ్మను బతిమాలింది.

"పోయిన వారం పోయినామెను మంచమే తినిందనుకుంటివా పాపా?" అంది కృపమ్మ మెల్లగా. "దాన్ని ఉండనీ. అది లేకుంటే జనం మన చేతుల తట్టు చూస్తారు."

గేటు దగ్గర ఎవరినో బండిలోంచి దింపుతున్నారు. సువార్తమ్మ కళ్లు తుడుచుకుని, నాలుగో మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది.