తాళం లాగి చూసేదాన్ని

నేను ఒక ప్యాచ్‌ని. మోకాలి దగ్గర చిరిగిన లాగూకి వేసే రకం కాదు. నలభై ఒక్క లైన్ల ప్రోగ్రాము ముక్కని. కంప్యూటర్ అడుగున కెర్నల్ అనే పెద్ద ప్రోగ్రాము ఉంటుంది. మిగతా ప్రోగ్రాములకి వంతులు వేసేది అదే. ఇద్దరు ఒకే వస్తువు మీద ఒకేసారి చెయ్యి వెయ్యకుండా అందులో తాళాలుంటాయి. అవి నిజంగా పడ్డాయో లేదో లాగి చూడటం నా ఉద్యోగం.

నేను పుట్టింది కాకినాడలో, మూడో అంతస్తు ఫ్లాటులో, భోజనాల బల్ల మీద. ఒక పక్క ల్యాప్‌టాప్, ఇంకో పక్క ఒలవాల్సిన చిక్కుడుకాయలు. నన్ను రాసినావిడ సుభాషిణి. ఎనిమిదేళ్లు ఇల్లు చూసుకుని మళ్లీ ఉద్యోగంలో చేరింది. ఇంటి నుంచే పని, మూడు నెలలు చూసి తేలుస్తామన్నారు. ఆ మూడు నెలలూ శుక్రవారంతో సరి. ఈలోగా నేను కెర్నల్‌లో చేరితే ఆవిడకి ఉద్యోగం ఉంటుంది. చేరకపోతే చిక్కుడుకాయలు ఉంటాయి.

నా కడుపులో పని చిన్నదే. ఒక అంకె ఉంటుంది. ఇద్దరు పనివాళ్లు వచ్చి దానికి తలా వెయ్యిసార్లు ఒకటి కలుపుతారు. తాళం సరిగ్గా ఉంటే చివరికి రెండువేలు రావాలి. వచ్చింది. సోమవారం పొద్దున్న తెర మీద 'పాస్' అని ఆకుపచ్చగా మెరిశాను. సుభాషిణి నన్ను కర్నూలుకి మెయిల్ చేసింది.

కర్నూలులో ఖాదర్ వలీ గారుంటారు. పన్నెండేళ్ల కిందట ఆ తాళాలు రాసింది ఆయనే. ఆయన సరే అననిదే ఏ ప్యాచ్ గడప దాటదు. మధ్యాహ్నం దాకా నన్ను చదివి ఫోన్ చేశారు.

"ఏమ్మా సుభాషిణీ, తాళం తీసేసి నడిపి చూస్తివా?"

"తీసెయ్యడం ఎందుకండీ? తాళం పడిందో లేదో చూడ్డానికే కదండీ రాశాను?"

"అందుకే తీసేయమంటాండా. తాళం లేకున్నా పాసంటాదేమో, నీ టెస్టు."

తీసేసి నడిపింది. నేను 'పాస్' అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అదీ ఆకుపచ్చగానే.

జరిగిందేమిటంటే, మొదటి పనివాడు తన వెయ్యీ ముగించి వెళ్లిపోయాక గానీ రెండోవాడు రావడం లేదు. ఒక కోడలు పచ్చడి చేసుకుని వెళ్లిపోయాక రెండో కోడలు వంటింట్లోకి వస్తే మిక్సీ కోసం గొడవెందుకవుతుంది? గొడవ లేదు కాబట్టి సఖ్యత ఉందని నేను సర్టిఫికెట్ ఇచ్చేశాను. చుట్టాల ఇంట్లో రెండు పూటలు భోంచేసి వచ్చి మనుషులు కూడా ఇలాంటివే ఇస్తుంటారు.

సుభాషిణి నన్ను విప్పి మళ్లీ కుట్టింది. ఇప్పుడు ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టాలి. మంగళవారం పొద్దున్న తాళం తీసేసి నడిపితే ఒకరు కలిపింది ఇంకొకరు చెరిపేసి 1,612 వచ్చింది. తెర ఎర్రబడింది.

"ఫెయిలైంది! ఏవండీ, ఫెయిలైందండీ!"

ఆవిడ భర్త భాస్కరమూర్తి ఒక కాలికి మేజోడుతో వచ్చాడు. "ఫెయిలైతే ఆ గంతులేంటే? నిన్న పాసైనప్పుడు కూడా ఇంత మురిసిపోలేదు."

తాళం మళ్లీ పెట్టి నడిపితే రెండువేలు వచ్చింది. అక్కడితో ఆపి నన్ను పంపేస్తే సరిపోయేది. కానీ బుధవారం సాయంత్రం ఇద్దరూ బజారుకి బయల్దేరారు. భాస్కరమూర్తి ఇంటికి తాళం వేస్తే మూడుసార్లు లాగుతాడు. మెట్లు దిగి, మళ్లీ ఎక్కొచ్చి ఇంకోసారి లాగుతాడు. తలుపు అవతల మాటలు నాకు వినిపించాయి.

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఊడిందా అండీ?"

"ఒకే ఒక్కసారి. మన పెళ్లికి ముందు. మూడుసార్లు లాగితే ఊడలేదు. నాలుగోసారి చేతిలోకి వచ్చేసింది."

బజారు నుంచి రాగానే ఆవిడ సంచి కూడా దించకుండా నా దగ్గర కూర్చుంది. ఆ తాళాన్ని వెయ్యిసార్లు లాగమంది, అంటే ఆ రెండువేల లెక్కంతా మొదటినుంచి వెయ్యిసార్లు చెయ్యమని. మూడువందల నలభయ్యోసారి 1,999 వచ్చింది. ఒక్కటి తక్కువ.

ముందు నన్నే అనుమానించింది. లైనులైనూ తిరగేసింది. నా తప్పు లేదు. ఊడింది ఖాదర్ వలీ గారి తాళం.

గురువారం పొద్దున్న ఆవిడ వేలు, ఎన్నిసార్లు లాగాలో నాలో రాసిన 'వెయ్యి' మీద చాలాసేపు ఆగింది. దాన్ని 'మూడు' చేస్తే చాలు, నేను హాయిగా పాసవుతాను. ఎవరు సరే అంటే ఉద్యోగం నిలబడుతుందో, ఆయన తాళమే ఊడిందని ఆయనకే చెప్పాలి. ఒకసారి చిక్కుడుకాయల వైపు చూసింది. తర్వాత ఆ 1,999తో సహా నన్ను పంపేసింది.

ఆ రోజంతా కర్నూలు నుంచి ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారం పన్నెండింటికి ఫోన్ మోగింది.

"సుభాషిణమ్మా, వెయ్యిసార్లు లాగమని ఎవురు జెప్పిరి నీకు?"

"మా ఆయనండీ. ఇంటి తాళం అలాగే లాగుతారండీ."



"పన్నెండేండ్లు అందరూ పాస్ పాస్ అంటిరి. నేనూ నమ్మితి." గొంతు సవరించుకున్నారు. "నిన్ననే బాగు చేస్తి. నీ టెస్టు ముందర నిలబెట్టి చూస్తి. పదివేలసార్లు లాగినా ఊడలా. ఆ వెయ్యి తీసేసి పదివేలు రాయి. నా తాళమూ నీ టెస్టూ కలిపి ఈపొద్దే లోపలికి పంపిస్తా."

పంపారు. ఇప్పుడు నా తల మీద రెండు పేర్లున్నాయి: రాసినావిడది, చూసినాయనది. నాలాంటివి వందలు పడుకునే ఒక ఫోల్డరులో ఉంటాను. నన్నెవరూ చదవరు. కెర్నల్‌లో ఎవరైనా చెయ్యి పెట్టినప్పుడల్లా లేచి, పదివేలసార్లు లాగి, మళ్లీ పడుకుంటాను. ఎర్రబడే అవకాశం ఇంకా రాలేదు.

కాకినాడలో భాస్కరమూర్తి ఇప్పటికీ మెట్లు దిగి మళ్లీ ఎక్కుతాడట. సుభాషిణి వెక్కిరించడం మానేసింది. కింద నిలబడి మాత్రం అడుగుతుందట:

"పదివేలూ అయ్యాయా అండీ?"