సూద్ తీరిన ఇల్లు

ఖురాన్ పట్టుకుని అందరికంటే ముందు లోపలికి నడవాల్సిన కాసింబీ కొత్త ఇంటి గడప దగ్గర ఆగిపోయింది. వెనకాల చక్కెర పళ్లెంతో వస్తున్న కోడలు నుజహత్ కూడా ఆగాల్సి వచ్చింది. కాసింబీ తల తిప్పి కొడుకు అనీస్ వైపు చూసింది.

"ఈ ఇంటి కోసం బ్యాంకుల తెచ్చిన కర్జా ఎన్నేండ్లు కట్టాలె బేటా?"

"పదిహేనేండ్లు అమ్మీ."

"గన్నేండ్లు సూద్ కడ్తవా? వడ్డీ మనకు హరాం. నేను బతికుండంగనే ఖతం చెయ్యి. సూద్ ఉన్న ఇంట్ల నమాజ్ చేస్తె నా మనసు నిలువది."

అని లోపలికి నడిచింది. చుట్టాలు నవ్వేశారు. అనీస్ నవ్వలేదు. భర్త పోయాక పత్తి ఏరి, ఇంటింటికీ తిరిగి బట్టలు కుట్టి తనను, తమ్ముడు తాహెర్‌ను పెంచిన తల్లి ఆమె. అనీస్‌ను టీచర్ని చేసింది కూడా ఆ చేతులే. అందుకే ఆమె మాట అంటే అతనికి హుకుం కిందే లెక్క.

ఆ సాయంత్రమే మొగుడూ పెళ్లాలు కూర్చుని అనుకున్నారు. నెలనెలా కిస్తు కట్టడమే కాదు, మిగిల్చిందంతా అసలు కింద జమ చెయ్యాలి. సగం ఏళ్లకే బ్యాంకు చేతిలోంచి ఇంటిని విడిపించుకోవాలి.

మొదట్లో అదొక పండగలా ఉండేది. ఫ్రిజ్ వద్దనుకున్నారు. అనీస్ పనిచేసే బడి మనూరు అవతల ఒక పల్లెలో ఉంది. ఆ పల్లెవాళ్లు ఇచ్చిన కందికట్టె తెచ్చుకుని నీళ్లు కాగబెట్టుకునేవారు, గ్యాసు వంటకు మాత్రమే. బస్టాండు నుంచి ఇంటిదాకా ఆటో ఎక్కకుండా అతను నడిచే వచ్చేవాడు. నుజహత్ తన పెళ్లినాటి చీరలు విప్పి కూతురు యుస్రాకు గౌన్లు కుట్టింది. కాసింబీ అందరికంటే ముందుంది. నలభై ఏళ్ల పాన్ అలవాటు ఒక్క రోజులో మానేసింది. "నోరు సాఫ్ అయింది, పైసలు మిగిలినయ్" అని చెప్పుకుని మురిసిపోయింది. అనీస్ బ్యాంకు నుంచి వచ్చి "ఇంకో ఏడాది తగ్గింది" అన్న రోజున నలుగురూ కలిసి సేమియా వండుకుని తినేవారు.

తర్వాత్తర్వాత ఆ సేమియా కూడా మానేశారు.

ఎప్పుడు మొదలైందో నుజహత్‌కు తెలియదు గానీ, ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఏది ముట్టుకున్నా దాని ధర ముందు గుర్తొచ్చేది. బీదర్‌లో పెళ్లి అంటే "పిల్లకు జరం" అని అబద్ధం చెప్పి ఊరుకున్నారు. జహీరాబాద్‌లో పురుడంటే అదే అబద్ధం. మూడోసారి నుంచి ఎవరూ పిలవలేదు. యుస్రా బడిలో పిల్లలందరూ విహారానికి పోతే తను కడుపు నొప్పి అని ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెను ఎవరూ వద్దనలేదు. అడగడం ఎప్పుడో మానేసింది, అంతే.

కాసింబీ పాత మొహల్లా స్నేహితురాలు శివమ్మ వారానికి రెండుసార్లు మధ్యాహ్నం పూట వచ్చి కూర్చునేది. ఇద్దరూ ఒకప్పుడు ఒకే చేనులో పత్తి ఏరినవాళ్లు. వాళ్ల మాటలు వినడం నుజహత్‌కు ఇష్టమే. కానీ ఆ ఏడు ఎండాకాలం పాలధర పెరిగింది. ఒకరోజు శివమ్మ వచ్చేసరికి గిన్నెలో యుస్రాకోసం దాచిన పాలు మాత్రమే ఉన్నాయి.

"చాయ్ పెడ్దునే గని పాలు విరిగిపోయినయ్ శివమ్మా" అంది నుజహత్.

"ఏం గాదు బిడ్డా, ఇప్పుడే తాగొచ్చిన" అంది శివమ్మ.

కాసింబీ అప్పుడే వంటింట్లోంచి మంచినీళ్లు తెచ్చి స్నేహితురాలికి ఇచ్చింది. పాలగిన్నె మీద మూత లేదు. ఆమె చూసే ఉంటుంది. ఆ వారం శివమ్మ రాలేదు. పై వారమూ రాలేదు.

మరో పది రోజులకు కాసింబీ రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది.

"సిర్గాపూర్ పోతున్న. తాహెర్ ఇంట్ల నాలుగు రోజులుండొస్త."

తాహెర్ సిర్గాపూర్‌లో బస్సులు ఆగేచోట చాయ్ హోటల్ నడుపుతున్నాడు. వెనకాల రెండు అద్దె గదుల్లో సంసారం. నాలుగు రోజులు నెలయింది, నెల మూడు నెలలయింది. అనీస్ ఫోన్ చేస్తే "ఈడ మంచిగున్న బేటా, నువ్వు కర్జా సంగతి చూస్కో" అనేది. ఒక మనిషి తిండి తగ్గితే ఎంత మిగులుతుందో నుజహత్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నెల సరుకులు తెచ్చినప్పుడు చేతిలో డబ్బు మిగిలింది. అది చూసి సంతోషపడ్డది, సంతోషపడ్డందుకు సిగ్గుపడ్డది. అయినా అత్తను తీసుకురావడానికి బయల్దేరలేదు.

అప్పుడే అనీస్ ఆ మాట అన్నాడు.

"అమ్మీ గది ఖాళీగనే ఉన్నది గద. ఎరువుల కంపెనీల చేసే పిలగాడు రూమ్ అడుగుతుండు. అమ్మీ వచ్చేదాంక ఇద్దామా?"

"అమ్మీని అడగరా?"

"కర్జా తీరుడే ఆమెకు కావాలె. ఏమంటది?"

కాసింబీ బట్టలున్న సందుగను నుజహతే యుస్రాతో కలిసి మెట్ల కిందికి జరిపింది. సుధాకర్ అనే ఆ కుర్రవాడు మంచివాడు. జోగిపేట వాడు. ఒకటో తారీఖున కిరాయి చేతిలో పెట్టేవాడు. ఆ కిరాయి మొత్తం అసలు కింద పోయేది.

బక్రీదుకు కాసింబీ చెప్పకుండా వచ్చింది. చేతిలో యుస్రాకు గాజులు. తిన్నగా తన గదివైపు నడిచి, తలుపు దగ్గర మగవాడి బూట్లు, తాళం చూసి నిలబడింది. నుజహత్ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

"ఎవలున్నరు?" అని అడిగింది కాసింబీ.

"కిరాయికి ఇచ్చినం అమ్మీ. కొన్ని దినాలే."

"మంచిదే. ఊకె ఖాళీగ ఎందుకుండాలె."

ఆమె గొంతులో కోపం లేదు. మధ్యాహ్నం అందరితో కూర్చుని తిన్నది. మనవరాలికి గాజులు తొడిగింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. రాత్రి ఉండమని అనీస్ అడిగాడు, కానీ ఎక్కడ పడుకోమంటాడో అతనూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

ఏడో ఏడు తిరగకముందే అప్పు తీరిపోయింది. బ్యాంకు వాళ్లు ఇంటి కాగితాలు చేతికిచ్చారు. అనీస్ వాటిని రెండు చేతులా పట్టుకుని నడుచుకుంటూ ఇంటికొచ్చి, భార్యకు చూపించి, పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పూట మాంసం వండుకున్నారు. నుజహత్ ముక్క నోట్లో పెట్టుకుంటే రుచి తెలియలేదు.

మరుసటి ఆదివారం ముగ్గురూ సిర్గాపూర్ బస్సెక్కారు.

కాసింబీ హోటల్ పక్కన చాప మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. పనికి పోయే కూలీలు, హైదరాబాద్ బస్సుకోసం మూటలతో ఎదురుచూసే ఆడవాళ్లు ఆమె చుట్టూ కూర్చుని మాట్లాడుతున్నారు. ఆమె పళ్లు ఎర్రగా ఉన్నాయి. మళ్లీ పాన్ నములుతోంది. తాహెర్ "రా భాయ్, రా భాబీ" అని గ్లాసుల నిండా చాయ్ పోశాడు.

అనీస్ సంచిలోంచి కాగితాలు తీసి తల్లి ఒళ్లో పెట్టాడు.

"ఖతం అయింది అమ్మీ. ఒక్క పైసా సూద్ లేదిగ. నువ్వు చెప్పినట్టే చేసిన. ఇంటికి పోదాం పా."

ఆమె కాగితాలను కళ్లకద్దుకుంది. కొడుకు తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు దువా చదివింది. తర్వాత అడిగింది.

"నా గదిల పిలగాడు పోయిండా?"

అనీస్ తడబడ్డాడు.

"నువ్వొస్తనంటె చెప్త అమ్మీ. వచ్చే నెల ఖాళీ చేస్తడు."

"అంటె ఇంక ఉన్నడు."

"మంచి కిరాయి వస్తుంది గద అని..."

కాసింబీ కాగితాలు మడిచి అతని చేతికి తిరిగి ఇచ్చింది.

"నేను రాను బేటా. గుస్సతోని అంటలేను. ఆ ఇంట్ల ఫ్యాన్ ఏసుకోవాలంటె భయమైతుండె. ఇంకింత కూర ఏసుకోవాలంటె భయమైతుండె. నేను తినే బుక్కకు గూడ లెక్క ఉంటదేమో అనిపిస్తుండె. సూద్ వద్దన్నది నేనే. గని గిట్ల అయితదని నాకు తెల్వది."

"నీ కోసమే చేసిన అమ్మీ."

"తెలుసు. అందుకే ఏమనలె."

తిరుగు బస్సులో అనీస్ కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికొచ్చాక కుర్చీలో కూలబడి, "నేనేం తప్పు చేసిన? తాగిన్నా? పత్తాలాడిన్నా? ఒకల సొమ్ము తిన్నానా?" అన్నాడు.

నుజహత్ నేలమీద కూర్చుంది. పాలగిన్నె కథ అతనికి ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా అతని దుఃఖం తగ్గదు, పెరుగుతుంది. "మీరొక్కలే చెయ్యలె. సందుగ జరిపింది నేను" అని మాత్రం అంది.

మర్నాడు అనీస్ బడికి పోగానే ఆమె సుధాకర్ గది తలుపు తట్టింది.

"తమ్మీ, మా అత్త గది ఇది. నువ్వు వేరే రూమ్ చూస్కోవాలె."

"ఏమైనా తప్పయిందా భాబీ?"

"నీది కాదు తమ్మీ."

సంగతి తెలిసి అనీస్ ఆ సాయంత్రం గట్టిగా మాట్లాడాడు. "నన్నడగకుండ ఎట్ల చెప్పినవ్? అమ్మీ రానన్నది గద. ఆ కిరాయి యుస్రా చదువుకన్న పనికొస్తుండె."

యుస్రా పుస్తకం మూసింది. పద్నాలుగేళ్ల పిల్ల తండ్రికి ఎదురు చెప్పడం ఆ ఇంట్లో అదే మొదలు.

"అబ్బాజాన్, నా చదువు పేరు మీద వద్దు. దాదీ గది కిరాయితోని నేను చదవను."

అనీస్ కోప్పడతాడని నుజహత్ అనుకుంది. అతను లేచి వాకిట్లోకి వెళ్లి, చీకటి పడేదాకా అక్కడే తిరిగాడు.

సుధాకర్ నెలాఖరుకు వెళ్లిపోయాడు. నుజహత్ గోడలకు సున్నం కొట్టింది. సందుగను తిరిగి లోపలికి చేర్చి, మంచం వేసి, తలుపు తెరిచి పెట్టింది. గది ఖాళీ అయిందని అత్తకు కబురు పంపింది. జవాబు రాలేదు. ప్రతి ఆదివారం యుస్రాతో కలిసి సిర్గాపూర్ పోయి వస్తోంది. కాసింబీ బాగానే మాట్లాడుతుంది, మనవరాలికి జడ వేస్తుంది. ఇంటి ఊసు మాత్రం ఎత్తదు. నుజహత్ రమ్మని అడగడం మానేసింది. అడిగితే ఆమె మీద మళ్లీ ఏదో బరువు పెట్టినట్టవుతుందని భయం.

చలి ముదిరిన ఒకనాటి పొద్దున తాహెర్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే అత్త గొంతు.

"నుజహత్, మంచం ఏ గోడకు ఏసినవ్?"

"కిటికీ గోడకు అమ్మీ. కాళ్లు పడమరకు, మక్కా దిక్కుకు రావు, చూసే ఏసిన."

"కిటికీ కాడ చలి పెడ్తది. నా మోకాళ్లకు పడది."

"లోపలి గోడకు మారుస్త. ఎప్పుడొస్తున్నవ్ అమ్మీ?"

అటు బస్సు హారన్లు, ఎవరో చాయ్ అడుగుతున్న కేకలు వినిపించాయి. కాసింబీ "చూద్దాం తియ్యి" అని ఫోన్ పెట్టేసింది.

నుజహత్, యుస్రా కలిసి మంచం జరపడానికి పూనుకున్నారు. టేకు మంచం, ఒక మూలకు ఇరుక్కుని కదల్లేదు. బడికి బయల్దేరుతున్న అనీస్ ఆ చప్పుడు విని గుమ్మంలో ఆగాడు.

"అమ్మీ వస్తుందా?"

"తెల్వది" అంది నుజహత్.

అతను భుజాన ఉన్న సంచి దించి గోడకానించాడు. బస్సు పోతుందని యుస్రా అంటున్నా వినకుండా, వంగి మంచం రెండో కొస పట్టుకున్నాడు.